అమెరికాలో పుట్టిన పిల్లవాడు ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆడగలడా? ఏ మ్యాచ్‌తో ఏ దారి మూసుకుపోతుంది?

మీరు అడిగింది ఇదీ: బాబు టెక్సస్‌లో పుట్టాడు, ఇప్పుడు 15 ఏళ్ళు. అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉన్నాయి. తల్లి పుట్టింది తెనాలి, తండ్రి పుట్టింది ఖమ్మం. అమెరికా అండర్-17 శిబిరానికి పిలుపు వచ్చింది. వెళ్తే రేపు భారత్‌కు ఆడే అవకాశం పోతుందా?

శిబిరానికి వెళ్ళినంత మాత్రాన ఏమీ పోదు, నిశ్చింతగా పంపండి. జెర్సీ వేసుకుని బెంచీ మీద కూర్చున్నా పోదు. ఫ్రెండ్లీ ఆడినా పోదు. ఫిఫా లెక్కలోకి వచ్చేది ఒక్కటే, అధికారిక పోటీలో మైదానంలోకి దిగడం. అధికారిక పోటీ అంటే ఫిఫా గానీ, ఖండ సమాఖ్య గానీ నడిపే జాతీయ జట్ల పోటీ. దాని క్వాలిఫయర్లూ అంతే. మీ బాబు విషయంలో కాంకాకాఫ్ (ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల సమాఖ్య) అండర్-17 క్వాలిఫయర్లు, అండర్-17 ప్రపంచకప్ ఈ కోవలోవి. ఏదో ఒక దేశపు ఫెడరేషన్ నాలుగు జట్లను పిలిచి పెట్టే ఆహ్వాన టోర్నీ ఈ కోవలోకి రాదు. 89వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగినా మ్యాచ్ ఆడినట్టే. ఫుట్‌సాల్ (ఐదుగురేసి ఆడే ఇండోర్ ఫుట్‌బాల్), బీచ్ సాకర్ మ్యాచ్‌లు కూడా లెక్కలోకే వస్తాయి. "అది అసలు ఫుట్‌బాల్ కాదుగా" అనుకుని పొరబడేవాళ్ళున్నారు.

ఫ్రెండ్లీకీ అధికారిక మ్యాచ్‌కీ ఎంత తేడా ఉందో రెండు కేసులు చూస్తే తెలిసిపోతుంది. డెక్లన్ రైస్ 2018లో ఐర్లండ్ సీనియర్ జట్టుకు మూడు మ్యాచ్‌లు ఆడాడు. మూడూ ఫ్రెండ్లీలే. 2019 మార్చికల్లా ఇంగ్లండ్‌కు ఆడుతున్నాడు. స్పెయిన్‌లో పుట్టిన మొరాకో సంతతి ఆటగాడు మునీర్ ఎల్ హద్దాదీకి ఆ అదృష్టం లేదు. 2014 సెప్టెంబరు 8న మాసిడోనియాతో యూరో క్వాలిఫయర్‌లో స్పెయిన్ అతన్ని చివర్లో దించింది. ఆడింది ఓ 13 నిమిషాలు, అప్పటికి వయసు 19. స్పెయిన్ సీనియర్ జట్టు మళ్ళీ అతన్ని ఆడించలేదు. మొరాకోకు వెళ్దామంటే నియమం ఒప్పుకోలేదు. 2018 ప్రపంచకప్ ముందు క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టుకు వెళ్ళినా పని కాలేదు. 2020 సెప్టెంబరులో ఫిఫా కాంగ్రెస్ నియమాన్ని సడలించాకే దారి తెరుచుకుని, 2021 మార్చిలో మొరాకోకు తొలి మ్యాచ్ ఆడాడు. ఆ 13 నిమిషాలకు ఆరున్నరేళ్ళు పట్టాయి.

ఆ సడలింపు గురించి చదివి చాలామంది "సీనియర్ జట్టుకు మూడు మ్యాచ్‌ల దాకా ఫర్వాలేదట" అంటుంటారు. మీ బాబుకు అది వర్తించదు, ఎందుకో చెప్తాను. ఆ వెసులుబాటుకు చాలా షరతులున్నాయి. సీనియర్ స్థాయిలో మొత్తం మూడు మ్యాచ్‌లకు మించకూడదు, ఫ్రెండ్లీలు కూడా ఆ మూడులోనే. ఆఖరి అధికారిక సీనియర్ మ్యాచ్ నాటికి 21 ఏళ్ళు నిండి ఉండకూడదు. ఆఖరి మ్యాచ్ ఆడి మూడేళ్ళు గడవాలి. ప్రపంచకప్ ప్రధాన పోటీలో గానీ, యూరో, ఆసియా కప్ లాంటి ఖండ స్థాయి ప్రధాన పోటీలో గానీ ఆడి ఉండకూడదు. ఇవన్నీ కుదిరినా, మొదటి దేశానికి దిగిన రోజునే రెండో దేశపు పౌరసత్వం కూడా చేతిలో ఉండి తీరాలి. మొత్తం వ్యవహారం ఈ ఆఖరి షరతు దగ్గరే తేలుతుంది.

యూత్ మ్యాచ్‌ల విషయంలోనూ ఇదే గీటురాయి. జమాల్ ముసియాలా ఇంగ్లండ్ అండర్-21కు ఆడి 2021లో జర్మనీకి మారాడు. ఫోలారిన్ బాలగన్ న్యూయార్క్‌లో పుట్టి, ఇంగ్లండ్ అండర్-21కు ఆడి, 2023 మేలో అమెరికాకు మారాడు. ఇద్దరికీ రెండో దేశపు పౌరసత్వం ముందునుంచే ఉంది. అలాంటివాళ్ళు సీనియర్ అధికారిక మ్యాచ్ ఆడనంత వరకు మారడానికి పెద్ద చిక్కు ఉండదు.

మీ బాబుకు రెండో పౌరసత్వం లేదు. ఓసీఐ పౌరసత్వం కాదు. పేరులో "సిటిజన్" అని ఉన్నా అది జీవితకాలపు వీసా లాంటిదే, ఫిఫా దాన్ని జాతీయతగా తీసుకోదు. కాబట్టి బాబు పడేది రెండో కోవలో. అమెరికాకు తొలి అధికారిక మ్యాచ్ ఆడేనాటికి భారత పౌరసత్వం లేనివాడి కోవ అది. దాని హద్దులు ఇవీ. అండర్-17, అండర్-20 అధికారిక మ్యాచ్‌లు ఎన్ని ఆడినా మారవచ్చు, కానీ అమెరికాకు ఆడిన ఆఖరి అధికారిక మ్యాచ్ నాటికి 21 నిండి ఉండకూడదు. సీనియర్ అధికారిక మ్యాచ్ మాత్రం ఒక్కటి ఆడినా, గోల్డ్ కప్ కానివ్వండి, నేషన్స్ లీగ్ కానివ్వండి, భారత్ దారి పూర్తిగా మూసుకుపోయినట్టే. ఇందులో కనిపించని గుంట ఒలింపిక్ జట్టు. అది అండర్-23 కాబట్టి, 21 దాటాక ఒక ఒలింపిక్ క్వాలిఫయర్‌లో దిగితే చాలు, "యూత్ మ్యాచే కదా" అనుకున్నది కాస్తా గేటు వేసేస్తుంది.

ఇంకో మాట. ఈ 21 ఏళ్ళ గడువు మ్యాచ్‌కే గానీ పౌరసత్వానికి కాదు. 20వ ఏట అమెరికా అండర్-20కి ఆఖరిసారి ఆడి, 26వ ఏట భారత పౌరసత్వం తీసుకున్నా మారవచ్చు. గడువు ముంచుకొస్తోందని కంగారుపడి పిల్లవాడితో తొందరపాటు నిర్ణయం చేయించకండి.

కొత్తగా పౌరసత్వం తీసుకున్నవాళ్ళకు ఆ నేలతో సంబంధం కూడా చూపించమంటుంది ఫిఫా. ఆటగాడు అక్కడ పుట్టాలి, లేదా కన్నతల్లి గానీ తండ్రి గానీ అక్కడ పుట్టాలి, లేదా అమ్మమ్మ, నానమ్మ, తాతల్లో ఒకరైనా అక్కడ పుట్టాలి. ఇవేవీ లేకపోతే అక్కడ నివసించిన లెక్క చూపాలి. పదేళ్ళ లోపు వయసులో వచ్చినవాళ్ళకు మూడేళ్ళు, ఆ తర్వాత వచ్చినవాళ్ళకు ఐదేళ్ళు. మీకు తెనాలి ఒక్కటే చాలు, ఖమ్మం అదనపు బలం. ముత్తాతల తరం మాత్రం లెక్కకు రాదు. ఓసీఐ ముత్తాత పేరు మీద కూడా వస్తుంది కాబట్టి ఇక్కడ చాలామంది తికమకపడతారు. ఫ్రాన్స్‌కు 18 మ్యాచ్‌లు ఆడి 2006 ప్రపంచకప్‌లో కూడా దిగిన వికాశ్ ధొరసూ పూర్వీకులు మారిషస్ వెళ్ళిన తెలుగువాళ్ళే. అంత పాత చుట్టరికం మనసుకు సంతోషమే గానీ ఫిఫా ఫైలులో పనికిరాదు.

ఫిఫా వైపు దారి ఉందంటే సగం పనే అయినట్టు. మిగతా సగం మన చట్టం వైపు ఉంది. భారత్ రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. పైగా భారత పౌరులే దేశానికి ఆడాలన్న నిబంధన 2008 డిసెంబరు నుంచి ఉంది. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా తండ్రి భారతీయుడు. జపాన్ పౌరసత్వం వదులుకుని, 2012లో మన పౌరసత్వం తీసుకుని, 2013లో భారత్‌కు ఆడాడు. పక్కనే బంగ్లాదేశ్ చూడండి. ఇంగ్లండ్‌లో పుట్టి, ఇంగ్లండ్ అండర్-21కు ఆడిన హంజా చౌదరి బ్రిటిష్ పౌరసత్వం వదలకుండానే 2025 మార్చి 25న షిల్లాంగ్‌లో మన మీదే బంగ్లాదేశ్‌కు తొలి మ్యాచ్ ఆడాడు. 0-0. ఆ తేడా చూస్తే బాధేస్తుంది, కానీ చట్టం ఉన్నది ఉన్నట్టు తెలుసుకుని నడవాలి.

బాబుకు వర్తించే మార్గం పౌరసత్వ చట్టం ఐదో సెక్షన్ కింద నమోదు. 18 నిండాలి. ఓసీఐ తీసుకుని ఐదేళ్ళు కావాలి. దరఖాస్తుకు ముందు 12 నెలలు వరసగా భారత్‌లో ఉండాలి. ప్రత్యేక కారణం చూపితే మధ్యలో మొత్తం 30 రోజుల దాకా విరామాన్ని కేంద్రం మన్నించవచ్చు. క్రిస్మస్ సెలవులకు అమెరికా వెళ్ళొస్తే ఆ 30 రోజులూ అక్కడే ఖర్చయిపోతాయి, జాగ్రత్త. అమెరికా పౌరసత్వం వదులుకోవాలంటే అమెరికా బయట, కాన్సులర్ అధికారి ఎదుట, స్వయంగా ప్రమాణం చేయాలి. మనసు మారిందని తర్వాత వెనక్కి తెచ్చుకునే వీలుండదు.

అందుకే నా మాట ఇది. ముందు భారత్‌లో ఒక క్లబ్బుతో కనీసం రెండేళ్ళ ఒప్పందం, జాతీయ జట్టు కోచ్ నుంచి స్పష్టమైన ఆసక్తి ఉండాలి. అవి లేకుండా పాస్‌పోర్టు వదులుకోవద్దు. 16వ ఏటే "నివాసం లెక్కకొస్తుంది" అని ఒంటరిగా హైదరాబాదుకో బెంగళూరుకో పంపడమూ వద్దు. తల్లిదండ్రులు పుట్టిన నేల ఉండగా మీకు నివాసం లెక్కతో పనే లేదు. పైగా 18 లోపు ఆటగాళ్ళ అంతర్జాతీయ బదిలీని ఫిఫా నిషేధించింది. కుటుంబం ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో తరలివస్తేనో, అలాంటి మరికొన్ని మినహాయింపుల్లోకి వస్తేనో తప్ప క్లబ్బులో నమోదు జరగదు. పిల్లవాడు ఏడాది ఆట లేకుండా కూర్చోవాల్సి వస్తుంది.

ఇక కాగితాలు. మన తెలుగు కుటుంబాల ఫైళ్ళు చిక్కుపడేది ఎక్కువగా ఇక్కడే. మొదటి చిక్కు పుట్టిన ఊరు. మనలో కాన్పు పుట్టింట్లో జరుగుతుంది కాబట్టి పుట్టిన ఊరొకటి, సొంతూరు ఇంకొకటి. పాస్‌పోర్టు నింపినప్పుడు "పుట్టిన స్థలం" దగ్గర సొంతూరు రాసేసినవాళ్ళు ఎందరో. అప్పుడు మున్సిపాలిటీ జనన ధ్రువపత్రంలో తెనాలి, పాస్‌పోర్టులో ఇంకేదో ఊరు ఉంటుంది. రెండూ భారత్‌లోనివే అయినా, రెండు కాగితాలు రెండు మాటలు చెప్తే ప్రశ్న వస్తుంది. రెండో చిక్కు ఇంటిపేరు. తల్లి పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, అది కూడా ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది. పెళ్ళయ్యాక పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు, అది చివర్లో ఉంటుంది. బాబు జనన ధ్రువపత్రంలో తల్లి పేరు మూడో రకంగా పడుతుంది. మూడూ ఒకే మనిషివని చూపేందుకు వివాహ ధ్రువపత్రం, పాత పాస్‌పోర్టుల ప్రతులు జతచేయాలి.

మూడోది, అసలు నమోదే లేకపోవడం. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. తాతల తరానికి ఊళ్ళలో కాగితం దొరకడం కష్టం, 70లలో పుట్టినవాళ్ళకూ చాలా చోట్ల లేదు. గ్రీన్‌కార్డు కోసం తెచ్చుకున్న నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ (జనన నమోదు లేదని ఇచ్చే పత్రం), పెద్దల అఫిడవిట్లు ఉంటే పారేయకండి. కానీ వాటి మీదే ఆధారపడకండి కూడా. ఆర్డీవో ఉత్తర్వుతో ఆలస్య నమోదు చేయించుకుంటే ధ్రువపత్రం మీద నమోదు తేదీ ఈ మధ్యదే పడుతుంది. కాబట్టి దాని పక్కన స్కూలు టీసీ, పదో తరగతి మెమో, ఆసుపత్రి పాత రికార్డు లాంటి ఆనాటి కాగితం ఒకటైనా ఉండాలి.

ఏజెంటు ఎవరైనా "తాతగారి సర్టిఫికెట్ మేం చూసుకుంటాం" అంటే అక్కడితో ఆపేయండి. మలేషియా తరఫున ఆడిన ఏడుగురు విదేశాల్లో పుట్టిన ఆటగాళ్ళ తాతల, అమ్మమ్మ-నానమ్మల జనన పత్రాలు దిద్దినవని 2025 సెప్టెంబరులో ఫిఫా తేల్చింది. స్పెయిన్, అర్జెంటీనా, బ్రెజిల్, నెదర్లాండ్స్ రిజిస్టర్లలోని అసలు పత్రాలు తెప్పించి పోల్చి చూసింది. ఏడుగురికీ ఒక్కొక్కరికి 12 నెలల నిషేధం, ఫెడరేషన్‌కు 3,50,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించింది. దొంగ పత్రం లేకపోయినా అర్హత లెక్క తప్పితే జట్టంతా మునుగుతుంది. పరాగ్వేలో పుట్టిన నెల్సన్ కబ్రేరాను ఐదేళ్ళ నివాసం పూర్తి కాకుండానే 2016లో బొలీవియా ఆడించింది. పెరూ మీద 2-0తో గెలిచిన మ్యాచ్, చిలీతో 0-0 డ్రా రెండూ 0-3 ఓటములుగా మారిపోయాయి.

కాగితాలన్నీ సిద్ధమయ్యాక జాతీయ జట్టు మార్పు దరఖాస్తును ఆటగాడు నేరుగా పంపడు, కొత్త దేశపు ఫెడరేషన్ ఫిఫాకు పంపుతుంది. ఆటగాడి సంతకంతో అభ్యర్థన, పౌరసత్వం వచ్చిన తేదీ కనిపించే పత్రం, తల్లిదండ్రుల జనన పత్రాలు, పాత దేశానికి ఏయే మ్యాచ్‌లు ఆడాడో ఆ ఫెడరేషన్ ఇచ్చే వివరం ఉండాలి. తెలుగులో ఉన్న పంచాయతీ పత్రాలకు అధికారిక అనువాదం తప్పదు. దరఖాస్తు పెట్టిన క్షణం నుంచి నిర్ణయం వచ్చేదాకా ఆటగాడు రెండు దేశాల్లో దేనికీ ఆడకూడదు. మార్పు జీవితంలో ఒక్కసారే. ఏ పోటీలో పాత దేశానికి ఆడాడో అదే పోటీలో కొత్త దేశానికి ఆడనివ్వరు.

టైము ఎలా తినేస్తుందో చెప్పడానికి దగ్గరి ఉదాహరణ రయాన్ విలియమ్స్. పెర్త్‌లో పుట్టాడు, తల్లి ముంబైలో పుట్టింది. ఆస్ట్రేలియా సీనియర్ జట్టుకు 2019లో ఒక ఫ్రెండ్లీ ఆడాడు. ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని 2025 నవంబరులో భారత పాస్‌పోర్టు అందుకున్నాడు, శిబిరంలోనూ చేరాడు. కానీ నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్‌తో మ్యాచ్ నాటికి ఆస్ట్రేలియా నుంచి రావాల్సిన అనుమతి పత్రం రాలేదు. జట్టులో పేరు పెట్టలేకపోయారు, భారత్ 0-1తో ఓడింది.

ఇప్పటికి మీరు చేయాల్సింది పెద్దగా లేదు. శిబిరం తర్వాత ఏదైనా టోర్నీకి ఎంపికైతే, అది ఎవరు నిర్వహిస్తున్నారో, క్వాలిఫయరా ఆహ్వాన పోటీనా, టీమ్ మేనేజర్‌ను మెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. ఈ రోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, ప్రత్యర్థి, పోటీ పేరు, ఏ నిమిషంలో దిగాడు, ఏ నిమిషంలో బయటికొచ్చాడు. దిగని మ్యాచ్ కూడా "బెంచీ" అని రాయండి. అలాగే తల్లి జనన ధ్రువపత్రం తెనాలి మున్సిపాలిటీలో నమోదై ఉందో లేదో, ఈసారి సెలవులకు వచ్చినప్పుడు రిజిస్టర్ తీయించి చూడండి. లేకపోతే ఆలస్య నమోదు పని అప్పుడే మొదలుపెట్టండి, దానికే నెలలు పట్టవచ్చు.