పాత ఎడిసన్ సిలిండర్ ఫోనోగ్రాఫ్‌లో అసలు పార్టులు ఏవో ఎలా గుర్తుపట్టాలి?

మీరు అడిగింది ఇదీ: ఆన్‌లైన్‌లో ఒక ఎడిసన్ స్టాండర్డ్ ఫోనోగ్రాఫ్ (గొట్టంలాంటి సిలిండర్ల మీది పాటలు వినిపించే పాతకాలపు కీ మెషిన్) అమ్మకానికి ఉంది, అమ్మేవాడు "అన్నీ ఒరిజినల్ పార్టులే" అంటున్నాడు, నమ్మొచ్చా?

నమ్మకండి. పై పలక ఎత్తి కింద మోటారు, రిప్రొడ్యూసర్ (సిలిండర్ మీద గాడిని చదివి శబ్దం చేసే గుండ్రటి ముక్క) అడుగు భాగం, రెండూ దగ్గర నుంచి ఫోటో తీసి పంపేదాకా నమ్మకండి. మీరు పెట్టిన ప్రకటనలో ఉన్న ఫోటోలన్నీ బూరవే. బూర అన్నిటికన్నా సులువుగా మార్చేసే భాగం. పైగా ఆ రోజుల్లోనే ఫిలడెల్ఫియాలో హాథార్న్ అండ్ షెబుల్, నెవార్క్‌లో టీ ట్రే కంపెనీ లాంటివాళ్లు బూరలు విడిగా చేసి అమ్మేవాళ్లు. కాబట్టి బూర మీద ఎడిసన్ పేరు లేనంత మాత్రాన అది నకిలీ కాదు, తళతళలాడినంత మాత్రాన అసలుదీ కాదు.

నేను న్యూజెర్సీలో ఎడిసన్‌లోనే ఉంటాను. 1877లో ఫోనోగ్రాఫ్ పుట్టిన మెన్లో పార్క్ ఈ ఊళ్లోనే ఉంది. 1954 దాకా దీని పేరు రారిటన్ టౌన్‌షిప్, తర్వాతే ఫోనోగ్రాఫ్ కనిపెట్టిన థామస్ ఎడిసన్ పేరు పెట్టుకున్నారు. మనవాళ్లు ఇంతమంది ఉన్న ఊరు కదా, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మన షాపులుండే ఓక్ ట్రీ రోడ్డు తప్పకుండా చూపిస్తారు. ఎడిసన్ గుర్తుగా కట్టిన మెన్లో పార్క్ టవర్ దగ్గరికి మాత్రం ఎవరూ తీసుకెళ్లరు. నాకది నిజంగా బాధగా ఉంటుంది.

విషయానికి వస్తాను. ఆ మధ్య మా ఆఫీసులో పనిచేసే గుంటూరు కుర్రాడు ఒకడు, "అన్నా, పెన్సిల్వేనియాలో ఒక పాత సామాన్ల షాపులో ఎడిసన్ మెషిన్ ఉంది, మీరు వచ్చి చూస్తే కొంటాను" అన్నాడు. వెళ్లాం. ముందు హాల్లో, దీపం కింద పెట్టారు దాన్ని. ఓక్ పెట్టె అద్దంలా మెరుస్తోంది, ముందు ఎడిసన్ సంతకం బంగారు రంగులో ఎక్కడా చెదరకుండా ఉంది. మావాడు అప్పుడే ఫోన్ తీసి వాళ్లావిడకు వీడియో కాల్ చేస్తున్నాడు.

ఆ సంతకం దగ్గరే నాకు అనుమానం వచ్చింది. నూరేళ్లకు పైగా జనం కీ తిప్పిన పెట్టె అది. కీ పిడి దగ్గర, మీట దగ్గర, మూత పట్టుకునే చోట చేతులు తగిలి రంగు పోవాలి. అక్కడ కూడా పెట్టె కొత్తగానే ఉందంటే ఎవరో గీకి, వార్నిష్ వేసి, ఇప్పుడు అచ్చువేసి అమ్ముతున్న స్టిక్కర్ అతికించారన్నమాట. పై పలక ఎత్తమన్నాను. మోటారు బిగించిన చోట రెండు స్టార్ స్క్రూలు కనిపించాయి. ఈ ప్లస్ గుర్తు స్క్రూలు 1930లలో గానీ మార్కెట్లోకి రాలేదు. ఎడిసన్ కంపెనీ 1929లోనే ఫోనోగ్రాఫ్‌ల పని మానేసింది. ఇక చెప్పేదేముంది!

అసలు సంగతి రిప్రొడ్యూసర్ దగ్గర బయటపడింది. మెషిన్‌కు ప్రాణం అదే. మొదట్లో వచ్చినవి రెండు నిమిషాల సిలిండర్లు, వాటికి అంగుళానికి 100 గాళ్లు. 1908లో నాలుగు నిమిషాల ఆంబెరోల్ సిలిండర్ వచ్చింది, దానికి అంగుళానికి 200. అంటే సూదీ సన్నబడాలి, సూదిని పక్కకు నడిపే గేరూ మారాలి. రెండు నిమిషాల వాటికి మోడల్ సి, నాలుగు నిమిషాల వాటికి మోడల్ హెచ్. ఆ మెరిసే మెషిన్‌లో ఉన్నది రెండు నిమిషాల గేరు ఒక్కటే. పెట్టింది మాత్రం మోడల్ హెచ్! ఆ మెషిన్ నడపలేని సిలిండర్లకు పనికొచ్చే రిప్రొడ్యూసర్ దానికి తగిలించారు.

షాపాయన పెద్దమనిషి, మర్యాదగానే మాట్లాడాడు. "ఈ హెచ్ ఎక్కడిది?" అని అడిగితే, వెనక గదిలో ఇంకోటి ఉంది, దాన్నుంచి తీశానన్నాడు. "అది పార్టుల కింద అమ్మేద్దామని పెట్టాను, చూడ్డానికేం బాగోదు" అన్నాడు.

ఆ వెనక గదిలోదే అసలైన మెషిన్. పెట్టె నల్లబడిపోయింది, సంతకం సగం చెరిగింది, బూర అంచున తుప్పు, గాస్కెట్లు (రిప్రొడ్యూసర్ లోపలి రబ్బరు రింగులు) రాయిలా గట్టిపడిపోయాయి. కానీ స్క్రూలన్నీ ఒకే గాటువి, ఒక్కదాని తల కూడా చెదరలేదు. మురికి అన్ని చోట్లా ఒకేలా పేరుకుని ఉంది. పక్కన గేరు మార్చే అటాచ్‌మెంట్ ఉంది. ఆంబెరోల్ వచ్చినప్పుడు, పాత మెషిన్లు ఉన్నవాళ్ల కోసం ఎడిసన్ కంపెనీయే అమ్మిన సామాను అది. ఎవరో ఇంటాయన 20 డాలర్ల మెషిన్ కొనుక్కుని, కొన్నాళ్లకు నాలుగు నిమిషాల పాటలు వినాలని మళ్లీ డబ్బు పెట్టి ఆ గేరూ, దాంతోపాటు హెచ్ రిప్రొడ్యూసరూ తెచ్చుకున్నాడు. ఆయన కొన్న హెచ్‌నే ఈ షాపాయన పీకి ముందు గదిలో దానికి పెట్టాడు.

ఇక్కడే కొందరు కలెక్టర్లతో నాకు పేచీ. అటాచ్‌మెంట్ ఉంటే "ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు లేదు, ఒరిజినల్ కాదు" అంటారు. అది పచ్చి అన్యాయం. ఆ కాలంలో, ఆ కంపెనీ సామానుతో, సొంతదారు చేయించుకున్న మార్పు ఆ మెషిన్ చరిత్రలో భాగమే. నాలుగు మెషిన్ల నుంచి నాలుగు ముక్కలు తెచ్చి కలిపి మెరిపించినదాని కన్నా అదే వెయ్యి రెట్లు అసలుది. ఇంకొకటి, "నంబర్లు మ్యాచ్ అయ్యాయా" అని కార్లకు అడిగినట్టు అడుగుతారు. రిప్రొడ్యూసర్ మీద ఉండే నంబర్ వేరు, పెట్టె ప్లేటు మీది నంబర్ వేరు. అవి కలవవు, కలవాల్సిన పనీ లేదు. ప్లేటు మీద చూడాల్సింది పేటెంట్ తేదీల్లో ఆఖరిది. మెషిన్ అంతకన్నా పాతది కాదని దాన్ని బట్టి చెప్పొచ్చు.

మావాణ్ణి ఆ నల్లదే కొనిపించాను. హెచ్ కూడా వెనక్కి ఇవ్వాలని పట్టుబట్టాను, ఇచ్చాడు. ఇంటికొచ్చి గాస్కెట్లు మార్చి, స్ప్రింగు డబ్బాలో గట్టిపడ్డ గ్రీజు తీసి కొత్తది పెట్టాం. సిలిండర్ కింద చిన్న కాగితం చీలిక దూర్చి చుట్లు లెక్కపెట్టాం. పావు నిమిషానికి 40 రావాలి, అంటే నిమిషానికి 160. వేగాన్ని అదుపు చేసే గవర్నర్ స్క్రూ కొంచెం తిప్పితే సరిగ్గా వచ్చింది. తర్వాత మోడల్ సి పెట్టి రెండు నిమిషాల మైనం సిలిండర్ ఒకటి వేశాం. ఆ రోజుల్లో పాట ముందు దాని పేరు, పాడినవాళ్ల పేరు గట్టిగా చదివి "ఎడిసన్ రికార్డ్" అని ముగించేవాళ్లు. ఆ గొంతు వినబడగానే మావాడి కూతురు పరిగెత్తుకుంటూ వచ్చి బూరలో తల పెట్టబోయింది!

ఇండియాలో కూడా ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంది. ఢిల్లీ, ముంబై చోర్ బజార్లలో కొత్త ఇత్తడి బూర, కుక్క బొమ్మ తగిలించి యాంటిక్ గ్రామఫోన్ అని అమ్ముతారు. హైదరాబాద్‌లో మా చుట్టాల డ్రాయింగ్ రూముల్లోనూ అవే కనిపిస్తాయి. అవి డిస్కువి, సిలిండర్‌వి కావు, అసలు పాతవే కావు. ఆ కుక్క బొమ్మ సంగతి తెలుసా? లండన్‌లో ఫ్రాన్సిస్ బరాడ్ మొదట గీసినప్పుడు ఆ కుక్క, నిప్పర్, వింటున్నది సిలిండర్ ఫోనోగ్రాఫే. 1899లో గ్రామఫోన్ కంపెనీ కొంటూ, తమ డిస్కు మెషిన్ గీయమంటే దాని మీదే రంగు వేసి మార్చాడు.

మీ విషయానికి: ఆ రెండు ఫోటోలు అడగండి. రిప్రొడ్యూసర్ మీద ఏ అక్షరం ఉందో, గేరు రెండు నిమిషాలదా నాలుగుదా అనీ అడగండి. డైమండ్ సూది రిప్రొడ్యూసర్ ఉంటే దాన్ని మైనం సిలిండర్ల మీద పొరపాటున కూడా పెట్టొద్దు, గాళ్లు పాడైపోతాయి. అది 1912 నుంచి వచ్చిన నీలం సెల్యులాయిడ్ సిలిండర్లకు. కొన్నాక ఇత్తడి పాలిష్, వార్నిష్ దగ్గరికి రానివ్వకండి. ఫోటోలు పంపనంటే ఆ మెషిన్ వదిలేయండి. పంపితే కామెంట్లో పెట్టండి, చూసి చెప్తాను.