ట్యూబ్ లగ్గులు పెడితే స్నేర్ సౌండ్ మారుతుందా?

మీరు అడిగింది ఇదీ: షెల్ (డ్రమ్ము గుండ్రటి ఒళ్ళు) ఒకేలా ఉన్న రెండు స్నేర్లు (కింద తీగలుండే డ్రమ్ములు) చూసిపెట్టుకున్నారు, ఒకదానికి సన్నటి ఇత్తడి ట్యూబ్ లగ్గులు, ఇంకోదానికి పెట్టెల్లా ఉండే మామూలు పోత లగ్గులు. లగ్గంటే షెల్‌కు బయట బిగించే లోహపు ముక్క, హెడ్‌ను, అంటే డ్రమ్ము మీది పొరను, లాగి పట్టే టెన్షన్ రాడ్లు అందులోకే దిగుతాయి. ట్యూబ్ లగ్గులది ఎక్కువసేపు మోగుతుందని ఎవరో చెప్పారు, దానికోసం డబ్బు ఎక్కువ పెట్టొచ్చా అని. చూడ్డానికి నచ్చితే పెట్టండి. సౌండ్ కోసమైతే వద్దు. లగ్ ఆకారాన్ని బట్టి సౌండ్ చెప్పేస్తామనేవాళ్ళ కళ్ళకు గంతలు కట్టి రెండూ కొట్టి వినిపించండి, అప్పుడు తెలుస్తుంది ఎవరి చెవి ఎంతో.

లుక్ సంగతి మాత్రం ఒప్పుకుంటాను. డ్రమ్ములన్నీ గుండ్రంగానే ఉంటాయి కాబట్టి స్టేజీకి అవతలి చివర నుంచి కూడా ఇది ఫలానా కంపెనీది అని పట్టించేది లగ్గే. 1920ల నాటి లడ్విగ్ కంపెనీ బ్లాక్ బ్యూటీ స్నేర్ల మీద సన్నటి ట్యూబ్ లగ్గులు చూస్తే ఇప్పటికీ చూపు తిప్పుకోలేం. డీడబ్ల్యూ అనే డ్రమ్ముల కంపెనీ వాళ్ళ గుండ్రటి లగ్ కూడా కామ్‌కో అనే పాత కంపెనీ నుంచి వచ్చిందే, దాని పరికరాలు కొని ఆ రూపాన్ని తమ ముద్రగా చేసుకున్నారు. అందం అమ్ముకుంటే తప్పేమీ లేదు, అందాన్ని సౌండ్ పేరుతో అమ్మడమే నాకు చిరాకు. లగ్ కింద ఓ పల్చటి రబ్బరు ముక్క వేసి "షెల్‌కు స్వేచ్ఛ" అని రాస్తారు చూడండి, రెండు స్క్రూలు షెల్‌ను చీల్చుకుని లోపలికి దిగాక ఇంకెక్కడి స్వేచ్ఛ?

సౌండ్‌లో నిజంగా తేడా తెచ్చేవి లగ్గుల బరువూ, సంఖ్యా. పోత లగ్గులు ఎక్కువగా జింక్ మిశ్రమంతో చేస్తారు, అంత లోహం పల్చటి షెల్‌కు వేలాడితే మోత కాస్త తొందరగా ఆగుతుంది, మందపాటి షెల్ అయితే ఆ తేడా లెక్కలోకి రాదు. సంఖ్య విషయానికొస్తే, 14 అంగుళాల స్నేర్‌లో లడ్విగ్ సుప్రాఫోనిక్‌కు 10 లగ్గులు, అదే కంపెనీ ఆక్రోలైట్‌కు 8. పది ఉంటే హూప్ (హెడ్ అంచును పట్టి ఉంచే వలయం) అంతటా ఒకే బిగువు వస్తుంది, బాగా పైకి లాగి శ్రుతి చేసుకోవచ్చు. ఎనిమిది ఉంటే లగ్గుల మధ్య దూరం ఎక్కువ, సౌండ్ కొంచెం లావుగా, కొంచెం గరుకుగా ఉంటుంది, నాకు అదే ఇష్టం. పర్ల్ వాళ్ళు ఫ్రీ ఫ్లోటింగ్ స్నేర్‌లో లగ్గులన్నిటినీ విడి చట్రానికి బిగించి వాటికోసం షెల్‌కు ఒక్క చిల్లు కూడా పెట్టలేదు, అంత దూరం వెళితే తేడా ఉందంటే నేనూ కాదనను.

కానీ ఈ ప్రశ్న ఎవరు అడిగినా నేను చెప్పాలనుకునేది వేరే. లగ్ బయట ఎలా ఉందో కాదు, లోపల ఏముందో చూడండి. పాత పోత లగ్గులు చాలావరకు పైన పటారం లోన లొటారం. లోపల బోలు, అందులో ఓ చిన్న స్ప్రింగు, అది రెండు చివర్లా నట్లను కదలకుండా నొక్కి పట్టుకుంటుంది. ఈ నట్టు కొంచెం అటూ ఇటూ ఊగేలా ఉంటుంది, హూప్ కాస్త పక్కకు జరిగినా టెన్షన్ రాడ్ మర సరిగ్గా పట్టేందుకు. మంచి ఆలోచనే. ఆ స్ప్రింగుతోనే వస్తుంది తంటా.

ఒకసారి రికార్డింగ్‌లో ఉన్నాం, నెమ్మదైన పాట, ఫ్లోర్ టామ్ (కాళ్ళ మీద నిలబడే పెద్ద డ్రమ్ము) మీద ఒక్కో దెబ్బ పడి ఆగుతుంది, మధ్యలో ఏమీ లేదు. ప్రతి దెబ్బ వెనకాలా సన్నగా "జీ" అని. స్నేర్ తీగలు అన్నారు, లివర్ దించేశాం, పోలేదు. సింబల్ స్టాండు అన్నారు, దాన్ని గదిలోంచే బయట పెట్టాం, అయినా "జీ". మిక్సింగ్ చేసే ఆయనైతే నా చేతి గడియారం తీయించాడు! చివరికి నేను టామ్ కొడుతుంటే మా బేస్ గిటార్ వాయించే కుర్రాడు నేల మీద పడుకుని ఒక్కో లగ్గునూ బొటనవేలితో నొక్కుతూ వచ్చాడు, కింది వరసలో ఒకదాని మీద వేలు పడగానే మోత ఆగింది, తీయగానే మళ్ళీ మొదలు. హెడ్ విప్పి, లోపలి నుంచి రెండు స్క్రూలు తీస్తే లగ్ చేతిలోకి వచ్చింది, ఊపితే గిలక్కాయలా మోగింది. స్ప్రింగు ఒక చివర తుప్పు పట్టి అరంగుళం మేర తెగి ఉంది, నట్టు దాని గూట్లో వదులుగా ఆడుతోంది. పాత ఫెల్ట్ ముక్క ఒకటి సన్నగా కత్తిరించి చుట్టి స్ప్రింగులోకి దూర్చి మళ్ళీ బిగించాం. మోత పోయింది. ఎలాగూ విప్పాం కదా అని ఆ రాత్రే మిగతా పదిహేను లగ్గులకూ అదే పని చేశాను, అప్పటికి పాట మీద ఎవరికీ ఆసక్తి మిగల్లేదు, అది వేరే కథ.

ఇది ఎక్కువగా కింది వైపు లగ్గుల్లో, అదీ హెడ్ వదులుగా ఉంచినప్పుడే ఎందుకొస్తుందంటే, రాడ్ బిగిస్తే నట్టు హూప్ వైపు లాగబడి గూటికి అతుక్కుంటుంది, వదులుగా ఉంటే దాన్ని పట్టుకునేది ఆ స్ప్రింగు ఒక్కటే. ఇప్పటి లగ్గుల్లో చాలావాటికి స్ప్రింగే లేదు, ప్లాస్టిక్ ముక్కతో నట్టును పట్టి ఉంచుతారు.

మీ ట్యూబ్ లగ్గులకు నేను ఇచ్చే మార్కులు కూడా ఇందుకే. లోపల గలగలలాడేది ఏమీ ఉండదు. పైగా పై రాడ్డూ కింది రాడ్డూ ఒకే గొట్టాన్ని చెరోవైపు లాగుతాయి, ఆ లాగుడు చాలావరకు అందులోనే సరిపోతుంది, షెల్‌లోని స్క్రూల మీద భారం తగ్గుతుంది. అయితే చాలా ట్యూబుల్లో మర నేరుగా ఇత్తడిలోనే కోస్తారు, నట్టు ఊగదు. హూప్ కొంచెం వంకరగా ఉన్నప్పుడు రాడ్డును డ్రమ్ కీతో (రాడ్లు తిప్పే చిన్న తాళంచెవితో) బలవంతంగా తిప్పారా, మర పాడవుతుంది, అప్పుడు నట్టు కాదు, మొత్తం లగ్గే మార్చాలి. మొదటి నాలుగు చుట్లు చేత్తోనే తిప్పండి.

రాడ్ల సంగతి ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎక్కువ కంపెనీలవి అంగుళానికి 24 మరలు, సోనార్‌వి మిల్లీమీటర్ల లెక్క, డీడబ్ల్యూవి ఇంకా సన్నటి మర. చూపుకు దాదాపు ఒకేలా ఉంటాయి, ఓ చుట్టు ఎక్కుతాయి కూడా, ఆ తర్వాత బిగుసుకుని మరను కోసేస్తాయి. ఇన్నేళ్ళయినా వీళ్ళంతా ఒక మాట మీదకు రాలేకపోయారు. కాబట్టి రాడ్ కొనాల్సి వస్తే పాతది జేబులో వేసుకెళ్ళండి.

ఇంతకీ మీ రెండు స్నేర్లలో ఏదంటే, కొనేముందు పెట్టె లగ్గులున్నదాని కింది హెడ్ వదులు చేయించి, వేళ్ళతో షెల్ మీద తడుతూ చెవి దగ్గర పెట్టి వినండి. ఏమీ గలగలమనకపోతే అదే తీసుకుని మిగిలిన డబ్బుతో మంచి హెడ్లు కొనుక్కోండి. కొట్లోవాళ్ళు ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి.