గడ్డకట్టిందా, పేరుకుందా, తోడుకుందా?

సందేహం: జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్ల కోసం సూచనలు తెలుగులో రాస్తున్నాం. "నాన్ అయానిక్ సర్ఫాక్టెంట్‌లో నీరు కలుపునప్పుడు గడ్డకట్టును" అని రాశాను. (సర్ఫాక్టెంట్ అంటే నూనె, నీళ్లు కలిసేలా చేసే సబ్బులాంటి పదార్థం; నాన్ అయానిక్ అంటే విద్యుదావేశం లేనిది.) మా ఇన్‌చార్జి దాన్ని "పేరుకొనును" అని దిద్దారు. ఇంకొకాయన "తోడుకొనును" బాగుంటుందన్నారు. పని దగ్గర మాత్రం అందరం "జెల్లయింది" అనే అంటాం. ఏది రాయాలి?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్ జిల్లా

సమాధానం: మూడూ మంచి మాటలే, మీ పనికి మాత్రం మూడూ పూర్తిగా అతకవు.

"గడ్డకట్టింది" అంటే రక్తం సంగతి పక్కనపెడితే ముందు చలే గుర్తొస్తుంది. వేడి తగిలితే కరుగుతుందిలే అనుకుంటాం. చిక్కంతా ఇక్కడే. మందుల తయారీలో వాడే పోలాక్సమర్ 407 కూడా నాన్ అయానిక్ సర్ఫాక్టెంటే. నూటికి ఇరవై పాళ్లున్న దాని ద్రావణం ఫ్రిజ్‌లో పల్చగా ఉంటుంది, వెచ్చబడితే బిగుసుకుంటుంది. దాని అణువుకు రెండు చివరలూ నీటితో కలిసేవి. నడుమ ముక్క వేడెక్కేకొద్దీ నీటికి ఎడంగా జరుగుతుంది. నడుమ ముక్కలు లోపలికీ చివరలు బయటికీ వచ్చేలా అణువులు గుంపు కడతాయి. వీటినే మిసెల్స్ అంటారు. అవి ఇరుకిరుగ్గా వరస తీరితే ఇక కదలడానికి చోటుండదు. కొత్త కుర్రాడు "గడ్డకట్టింది" అని చదివి, కరిగిద్దామని వేడిచేశాడనుకోండి, ఇంకా బిగుస్తుంది. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి.

"పేరుకోవడం" నెయ్యికి, కొబ్బరినూనెకు వాడే మాట. అదీ చలి పనే. పైగా ఇప్పుడు బకాయిలూ పేరుకుంటున్నాయి, దుమ్మూ పేరుకుంటోంది. చదివినవాళ్లు డ్రమ్ము అడుగున మడ్డి చేరిందనుకుంటారు. జెల్‌లో అడుగూ మీదా తేడా ఉండదు.

"తోడుకోవడం" నాకు నచ్చింది. గిన్నె మొత్తం ఒక్కటిగా నిలుస్తుంది, నీళ్లు లోపలే ఉంటాయి, చలి అక్కర్లేదు. కానీ తోడు వెయ్యాలి కదా! తోడుకున్న పెరుగు మళ్లీ పాలు కాదు కూడా. సర్ఫాక్టెంట్ జెల్‌లో రసాయన చర్యేమీ లేదు. నీళ్లు ఎక్కువ చేసి కలిపితే మళ్లీ పారుతుంది.

అందుకని "జెల్ కట్టింది" అని రాయండి. మీగడ కడుతుంది, తెట్టె కడుతుంది, పిండి ఉండకడుతుంది. జెల్ కూడా ఆ వరసలో ఇబ్బంది లేకుండా ఇమిడిపోతుంది. మాటల్లో "జెల్లయింది" అన్నా తప్పులేదు. "జెల్ నిర్మాణం", "జెల్ ఏర్పాటు" మాత్రం వద్దు, మేస్త్రీని పిలవాలేమో అనిపిస్తుంది.

మీ వాక్యంలో ఇంకో లోపముంది: ఎంత నీటికి, ఎలా కలిపితే అన్నది లేదు. లారిల్ ఆల్కహాల్ ఇథాక్సిలేట్లనే మరో రకం నాన్ అయానిక్ సర్ఫాక్టెంట్లలో కొన్ని నీళ్లు కలపకముందు విడిగా పారతాయి, నీళ్లు బాగా ఎక్కువైనా పారతాయి. సగంసగం దాపుల్లోకి వస్తేనే చాలావరకు బిగుస్తాయి. వాటికి గోరువెచ్చని నీళ్లు మేలు. "కలుపునప్పుడు", "కట్టును" అనే పాత పుస్తకాల వరస వదిలేసి ఇలా రాయండి: "సర్ఫాక్టెంట్‌ను గోరువెచ్చని నీళ్లలో కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. సర్ఫాక్టెంట్ మీద నీళ్లు పోస్తే మధ్యలో జెల్ కడుతుంది." పోలాక్సమర్‌కు వేరే వాక్యం రాయండి, అందులో "చల్లటి నీళ్లు" అని ఉండాలి.