పందెం కన్నా దారే ముచ్చట

ప్రశ్న: విక్టోరియా కాలంనాటి నీటిరంగుల బొమ్మ ఒకటి చూశాను. జనం బండ్లెక్కి డెర్బీ గుర్రపు పందేనికి వెళ్తున్నారు, పందెం గుర్రం ఒక్కటీ లేదు. ఎందుకలా?
– ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా (ఒడిశా)

జవాబు: ఠాకురాణి యాత్ర చూసిన ఊరివారు మీరు, సంబరమంతా వీధుల్లోనే ఉంటుందని మీకు చెప్పక్కర్లేదమ్మా. డెర్బీ 1780లో లండన్‌కి దగ్గర్లోని ఎప్సమ్‌లో మొదలైంది. పందెం మూడు నిమిషాల ముచ్చట, ప్రయాణం మాత్రం గంటల తరబడి. నాలుగు గుర్రాల బండిలో దొరలూ, గాడిద బండిలో కూరగాయలమ్ముకునేవాళ్లూ అదే రోడ్డు మీద అదే దుమ్ము తింటూ వెళ్లేవాళ్లు, చాలా ఏళ్లు బ్రిటిష్ పార్లమెంటు కూడా ఆ రోజు సభ వాయిదా వేసుకునేది. 1847లో ఎప్సమ్‌కి రైలొచ్చినా రోడ్డు సందడి తగ్గలేదు. 1858లో ఇంగ్లిష్ చిత్రకారుడు ఫ్రిత్ ప్రదర్శించిన ‘డెర్బీ డే’ తైలవర్ణ చిత్రంలోనూ ముందంతా జనమే, గుర్రాలు ఎక్కడో వెనకాల.

నాకైతే ఆ దుమ్మంటేనే ఇష్టం. ఈసారి బండి చక్రాల దగ్గర బాగా దగ్గరగా చూడండి. నీటిరంగుల్లో వెలుగు చాలావరకు కాగితం తెలుపే. తడి కాగితం మీద పల్చటి మట్టిరంగు పారిస్తే అంచులు వాటంతటవే కరిగిపోతాయి, చక్రం సగం అందులో మునిగిపోతుంది.