ఫోనే దుకాణం: పాఠకుల సందేహాలు

ప్రశ్న: ఇంట్లో ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటాను. రెండు వందల మందికి బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా) పెడితే పాతికమంది కూడా చూడటం లేదు. నెట్ సమస్యా?
– ఒక గృహిణి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: నెట్ తప్పేమీ లేదండీ. మీ దగ్గర వాళ్ల నంబరు ఉంటే చాలదు, వాళ్ల ఫోన్‌లో మీ నంబరు సేవ్ అయి ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. పంపిన మెసేజ్‌ను నొక్కిపట్టి ‘ఇన్ఫో’ తెరిస్తే ఎవరెవరికి చేరిందో పేర్లతో సహా కనిపిస్తుంది.

కాబట్టి మొదటి ఆర్డరు ఖాయం చేసేటప్పుడే నంబరు సేవ్ చేసుకోమని అడగండి. సీసా లేబుల్ మీద నంబరుతోపాటు మీ వాట్సాప్ క్యూఆర్ కూడా వేయించండి. ఒక్కో బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు. ఎలాగూ లిస్టులు విడగొట్టాలి కాబట్టి వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం, హెచ్‌ఎస్‌ఆర్ అంటూ ఏరియాలవారీగా చేసుకోండి. ఈ ట్రాఫిక్‌లో ఒక రోజు ఒక వైపే తిరగడం మేలు.

మామూలు వాట్సాప్ వాడుతుంటే బ్యాకప్ తీసుకుని అదే నంబరును వాట్సాప్ బిజినెస్‌కు మార్చండి. యాప్ ఉచితం. ఒకే నంబరు రెండు యాప్‌లలోనూ నడవదు. కేటలాగ్‌లో అరకిలో, కిలో విడివిడిగా, ధరతో పెట్టండి. ‘ధర ఇన్‌బాక్స్‌లో’ అనే పద్ధతి మాకు నచ్చదు, సగంమంది అడక్కుండానే జారుకుంటారు. రోజూ టైపు చేసే డెలివరీ చార్జీలు, చిరునామా అడిగే వాక్యాలను క్విక్ రిప్లైలుగా దాచుకుంటే స్లాష్ కొట్టగానే వస్తాయి.

నంబర్లు కొని గుంపుగా మెసేజ్‌లు మాత్రం పంపకండి. నలుగురు రిపోర్ట్ కొడితే అకౌంటే బ్యాన్ కావచ్చు. ఇన్నాళ్లూ కూడబెట్టిన కస్టమర్లు దాంతోపాటే పోతారు.

ప్రశ్న: ‘డబ్బు వేశాను’ అని స్క్రీన్‌షాట్ పంపారు. సరుకు ఇచ్చేశాను. ఖాతాలో పడలేదు.
– ఒక చీరల వ్యాపారి, యలహంక

జవాబు: స్క్రీన్‌షాట్ రశీదు కాదు. అలాంటివి తయారుచేసే నకిలీ యాప్‌లున్నాయి. మీ యూపీఐ యాప్ హిస్టరీలోనో, బ్యాంకు ఖాతాలోనో జమ కనిపించాకే సరుకు కదలాలి. వాళ్లిచ్చిన 12 అంకెల యూటీఆర్ నంబరును (ప్రతి చెల్లింపుకూ ఉండే గుర్తింపు నంబరు) అక్కడ సరిచూసుకోండి. ‘పొరపాటున ఎక్కువ పంపాను, తిరిగి వేయండి’ అన్నా ఇదే పద్ధతి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే మీ డబ్బు పోతోందనే. నిజంగానే డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ అది ఖాతాలు మారిపోతుంది, ఆపించడం కష్టం.

ప్రశ్న: జీఎస్టీ నోటీసులొస్తాయని యూపీఐ మానేసి నగదే తీసుకోమంటున్నారు.
– ఒక పాఠకుడు, బొమ్మనహళ్లి

జవాబు: 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చిన మాట నిజం. ‘నో యూపీఐ’ బోర్డులు అప్పుడు వచ్చినవే. కానీ టర్నోవర్‌లో నగదు కూడా లెక్కే. వస్తువులు మాత్రమే అమ్మేవారికి ఏడాదికి 40 లక్షలు దాటితే సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. చిక్కంతా ఇంటి డబ్బు, చీటీ డబ్బు, వ్యాపారం డబ్బు ఒకే ఖాతాలో పడటం వల్ల. వ్యాపారానికి వేరే ఖాతా, వేరే క్యూఆర్ పెట్టండి. ఇంకొకటి: సరుకును హైదరాబాద్‌కో, చెన్నైకో పంపి అమ్మితే ఈ 40 లక్షల మినహాయింపు సాధారణంగా వర్తించదు, మొదటి పార్శిల్ నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. చిన్న వ్యాపారులు టర్నోవర్‌పై తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీమ్ కూడా కుదరదు.