వ్యసనం మానాక నర్సు ఉద్యోగం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నా వయసు 29. చిత్తూరులో ఓ ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేసేదాన్ని. నడుంనొప్పికని వేసుకున్న ఫోర్ట్‌విన్ అనే మత్తు కలిగించే నొప్పిమందు ఇంజెక్షన్ అలవాటైపోయింది. చికిత్స తీసుకుని మానేసి ఎనిమిది నెలలైంది. మళ్లీ అలవాటులో పడకుండా రోజూ నాల్‌ట్రెక్సోన్ మాత్ర వేసుకుంటున్నాను. మళ్లీ ఐసీయూకే రమ్మంటున్నారు, జీతమూ అక్కడే ఎక్కువ. వెళ్లొచ్చా?

జవాబు: ఉద్యోగానికి తప్పకుండా వెళ్లండి. ఐసీయూకి మాత్రం ఇప్పుడే వద్దు. అక్కడ ఫెంటనిల్, మార్ఫిన్, మిడజోలం లాంటి మత్తుమందులు చేతికందే దూరంలో ఉంటాయి. పైగా రాత్రి డ్యూటీలో మనిషి బాగా అలిసిపోయే వేళకే పక్కన చూసేవాళ్లూ తగ్గిపోతారు. మీ పట్టుదల మీద అనుమానంతో చెప్పడం లేదు. ఆంపుల్ (మందు ఉండే చిన్న గాజుసీసా) విరిచి సిరంజిలోకి మందు లాగడం చాలు, చచ్చిందనుకున్న ఆశ లేచి కూర్చోవడానికి. కనీసం మొదటి ఏడాది ఓపీ, టీకాల విభాగం, డయాలిసిస్ లాంటివి అడగండి. ముందు వార్డు తేల్చుకోండి, జీతం సంగతి ఆ తర్వాత.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇలాంటి నర్సులను కొన్నేళ్లపాటు పర్యవేక్షణలో ఉంచి పని చేయనిస్తారు. చెప్పాపెట్టకుండా మూత్రపరీక్ష చేస్తారు, కొంతకాలం మత్తుమందుల తాళంచెవి ఇవ్వరు. ఇదే ఏర్పాటు మీరు నర్సింగ్ సూపరింటెండెంటుతో మాట్లాడి కుదుర్చుకోవచ్చు. ఆరు నెలలు నైట్ డ్యూటీ వద్దనండి, అల్మరా తాళంచెవి మీ చేతికి ఇవ్వొద్దనండి. ఒప్పుకున్నది కాగితం మీద పెట్టించుకోండి. నోటిమాటగా వదిలేస్తే, మనుషులు తక్కువైన మొదటి రాత్రే అది గాలికి పోతుంది.

మత్తుమందుల లెక్క రాసే రిజిస్టర్ దగ్గర మరీ జాగ్రత్త. ఫోర్ట్‌విన్ ఆంపుల్‌లో 30 మి.గ్రా. ఉంటుంది. డాక్టరు 15 రాస్తే సగం మిగులుతుంది. ఆ సగాన్ని ఇంకొకరి కళ్లముందు పారబోసి, అప్పటికప్పుడు ఇద్దరూ సంతకం పెట్టాలి. డ్యూటీ దిగేముందు అన్ని గడులూ ఒకేసారి నింపేసే అలవాటు ఎక్కడ ఉందో, మందు మాయమయ్యేది అక్కడే. చేయని తప్పు మీ మీదికి వచ్చేదీ అక్కడే. సాక్షి లేకుండా మీరు ఒక్క చుక్క కూడా పారబోయకండి.

మూత్రపరీక్ష చేయించుకుంటే ఏ మందు కోసం చూస్తున్నారో అడగండి. మామూలు ఓపియేట్ స్ట్రిప్ (మూత్రంలో మత్తుమందు ఉందో లేదో చూపే పట్టీ) మార్ఫిన్ జాతి మందులను పట్టుకుంటుంది. ఫోర్ట్‌విన్, ట్రమడాల్, ఫెంటనిల్ దానికి సరిగా చిక్కవు. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే ఆ స్ట్రిప్ నెగెటివ్ మీకు అండగా నిలవదు. పేరుపెట్టి ఆ మందుకే ల్యాబ్ పరీక్ష రాయించుకోండి.

నాల్‌ట్రెక్సోన్ 50 మి.గ్రా. వాడుతున్నంతకాలం ఆ సంగతి రాసిన చీటీ పర్సులో పెట్టుకోండి. ప్రమాదం జరిగినా, ఆపరేషన్ అయినా ఓపియాయిడ్ నొప్పిమందులు (మార్ఫిన్, ఫోర్ట్‌విన్ లాంటివి) మీకు మామూలుగా పనిచేయవని మత్తు డాక్టరుకు తెలియాలి. డాక్టరు చెప్పినప్పుడల్లా లివర్ పరీక్ష చేయించుకోండి. మీ అంతట మీరు మాత్ర ఆపేసి మళ్లీ ఫోర్ట్‌విన్ పాత మోతాదులో వేసుకుంటే ప్రాణానికే ముప్పు, ఎందుకంటే ఒళ్లు ఆ మోతాదును తట్టుకునే శక్తి పోగొట్టుకుని ఉంటుంది.

పాత లెక్కల్లో తేడా ఉందంటూ ఎవరైనా ఏదైనా రాసిమ్మంటే, వకీలుతో మాట్లాడకుండా ఏమీ రాయకండి. చిత్తూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయసహాయం చేస్తుంది.

ప్రశ్న: మాది చంద్రగిరి. ఇంటర్ బైపీసీ పాసయ్యాను. తాగుడు మాని ఏడాదైంది, డైసల్ఫిరామ్ (మందు తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర) వాడుతున్నాను. బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలని ఉంది. మెడికల్ సర్టిఫికెట్‌లో ఇది బయటపడుతుందా?

జవాబు: చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మీకు ఇచ్చింది. తాగుడు, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలూ ఆ చట్టం కిందికే వస్తాయి. చూస్తున్న డాక్టరును ‘చదువుకూ విధులకూ ఫిట్’ అని మాత్రమే రాసిమ్మనండి. ఫారంలో సూటిగా అడిగిన ప్రశ్నకు మాత్రం అబద్ధం రాయకండి. జబ్బు కన్నా ఆ అబద్ధమే తర్వాత ఎక్కువ నష్టం చేస్తుంది.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. వార్డులో ప్రతి రోగినీ తాకేముందూ తాకాకా చేతికి ఆల్కహాల్ హ్యాండ్‌రబ్ రాయాలి. డైసల్ఫిరామ్ వాడే కొందరికి దానివల్లే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతి వస్తాయి. చివరి మాత్ర వేసుకున్నాక 14 రోజుల వరకూ ఈ ప్రభావం ఉండొచ్చు. అందుకే క్లినికల్ పోస్టింగ్ మొదలయ్యేలోపు, కాలేజీలో చేరకముందే అయితే మరీ మంచిది, తాగాలన్న ఆశ తగ్గించే అకాంప్రొసేట్‌కో నాల్‌ట్రెక్సోన్‌కో మార్చే వీలుందేమో డాక్టరును అడగండి. అప్పటిదాకా సబ్బూ నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు కడుక్కోవడమే దారి. స్పిరిట్ వాసనకే తాగాలనిపిస్తే ఆ మాటా దాచకుండా చెప్పండి.

కోర్సు నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. క్లినికల్ హాజరు ఎగ్గొట్టడం కుదరదు, కాబట్టి ఫాలోఅప్ తేదీలను పోస్టింగులకు అడ్డురాకుండా ముందే కుదుర్చుకోండి. మూడో ఏడాదిలో మానసిక ఆరోగ్య నర్సింగ్ వస్తుంది. అక్కడ మీకు తెలిసిన పేషెంటు ఎదురుపడొచ్చు. ఆ పోస్టింగ్‌కు ముందు మీ కౌన్సెలర్‌ను ఒకసారి కలవండి.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. మా అబ్బాయి నర్సింగ్ రెండో ఏడాది. మానేసిన తాగుడు మళ్లీ మొదలుపెట్టాడు, పది రోజులుగా రోజూ తాగుతున్నాడు. తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర వేసుకోమంటే వినడు. వాడికి తెలియకుండా సాంబారులో కలిపి పెట్టొచ్చా?

జవాబు: వద్దమ్మా, ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. డైసల్ఫిరామ్ ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. తాగి కనీసం 12 గంటలు గడిచాక, మనిషికి చెప్పి, ఒప్పించే ఈ మాత్ర మొదలుపెడతారు.

గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలనీ చూడకండి. రోజూ తాగే మనిషి ఉన్నపళంగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో వణుకు మొదలవుతుంది. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పవచ్చు. తిరుపతి రుయా ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. వణుకు, ఫిట్స్ కనిపిస్తే నేరుగా ఎమర్జెన్సీకే. ఎన్నాళ్లుగా, ఎంత తాగుతున్నాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో చీటీ మీద రాసివ్వండి. తిండి సరిగా తినడం లేదని చెప్పడం మరవకండి. అలాంటివాళ్లకు గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి.

రావడానికి మొండికేస్తే వ్యసనం మాన్పించే హెల్ప్‌లైన్ 14446కో, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కో మీరే ఫోన్ చేయండి, రెండూ ఉచితం. కాలేజీ మాన్పించకండి, డాక్టరు కాగితంతో మెడికల్ లీవు పెట్టించండి.