అమ్మాయి పుస్తకం ఎందుకు దాచారు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. రాత్రిళ్లు ఇంగ్లిష్ దెయ్యాల కథలు చదువుతోంది. ఇప్పుడు చదివేది ఫ్రాంకెన్‌స్టైన్ కథని అందులోని ఎలిజబెత్ చెప్పినట్టు రాసిన నవలట. మావారు చూస్తే కోపం వస్తుందని, ఆయన వచ్చే వేళకి పుస్తకం బియ్యం డబ్బాలో దాచేస్తున్నాను. మొన్న 'నువ్వూ ఎలిజబెత్‌వేనమ్మా' అంది. పిల్ల మనసు పాడైపోతోందా? డాక్టరుకి చూపించాలా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అక్కర్లేదు. వేళకి తిని, నిద్రపోయి, స్నేహితులతో మామూలుగా ఉంటే డాక్టరు మాట మర్చిపోండి. మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్ రాయడం మొదలుపెట్టింది 18 ఏళ్లకే.

మీ అమ్మాయి అన్న ఆ మాట మాత్రం నన్ను వదలడం లేదు. ఎలిజబెత్ ఎవరో చెబుతాను. 1818లో వచ్చిన ఆ నవలని మేరీ 1831లో సవరించారు. అందులో ఎలిజబెత్ దిక్కులేని పిల్ల. కథానాయకుడు విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ తల్లి ఆమెని ఇంటికి తెచ్చి, కొడుకుతో 'నీకో చక్కని బహుమతి తెచ్చాను' అంటుంది. అప్పట్నుంచి ఆ పిల్ల తన సొత్తే అనుకుంటాడు విక్టర్. పెళ్లయిన రాత్రే ఆమె హత్యకి గురవుతుంది. 2018లో కియర్‌స్టెన్ వైట్ అనే రచయిత్రి ఎలిజబెత్ చేతే ఆ కథ చెప్పించారు. మీ అమ్మాయి చదివేది ఆ నవలే అనుకుంటాను. విక్టర్‌కి కోపం రాకుండా చూసుకుంటేనే ఆ ఇంట్లో ఆమెకి చోటు.

ఇప్పుడు మీ బియ్యం డబ్బా సంగతి ఆలోచించండి. మీ అమ్మాయి మిమ్మల్ని ఎగతాళి చేయలేదు తల్లీ, మీ గురించి బెంగపడింది. భర్తని గౌరవించాలని నేనూ నమ్ముతాను. ఏ తప్పూ చేయకుండా సొంత ఇంట్లో దొంగచాటుగా బతకడాన్ని మాత్రం గౌరవం అనను. పైగా అదే మీ పిల్లకి నేర్పుతున్నారు. రేపు అత్తారింట్లో తను ఏం దాచుకోవాలి?

ఆదివారం టిఫిన్ అయ్యాక ఆయనతో మీరే చెప్పండి: 'పిల్ల పడుకునే ముందు గంటసేపు కథల పుస్తకం చదువుతుంది. నేనే సరేనన్నాను' అని. గొంతు వణికినా ఫర్వాలేదు. ఆయన చేయి చేసుకునే మనిషైతే మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు ఈ మాట ఎత్తకండి. మీ అన్నదమ్ముల్నో, మీ మాట వినే ఆడపడుచునో పక్కన ఉంచుకోండి. అవసరమైతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయడానికి మొహమాటపడకండి. పరీక్షల ముందు ఎంతసేపు చదవాలో మీరూ అమ్మాయీ కూర్చుని తేల్చుకుంటే చాలు.

ఆ కథంతా తెలుగులో చెప్పమని అమ్మాయిని అడగండి. వంట చేసుకుంటూనే వినొచ్చు.